రాజమౌళి ఆపని బండి లేదు

రాజమౌళికి ఉన్న రోగం ఒక్కటే. చక్రం ఉన్నదేదైనా కదులుతూ కనబడితే ఆపకుండా ఉండలేడు. లారీ, జీపు, ట్రాక్టరు, ఆఖరికి ఐస్‌క్రీం సైకిలు కూడా. ఆపాడంటే ఏదో ఒక పని ఉండాలి కదా! అది మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు.

నేను అప్పట్లో కోరుట్ల-జగిత్యాల బస్సులో కండక్టర్ని. ఆ దారిలో ఓ పెద్ద మలుపు ఉంది. అక్కడ గుంతలు పూడ్చడానికి కాంట్రాక్టరు పెట్టిన కూలీల్లో రాజమౌళి ఒకడు. మలుపు అవతల భూదేవి, పోశవ్వ, కిష్టవ్వ నడుములు వంచి కంకర పరిచి తారు పోస్తుంటే, ఈ మహానుభావుడు ఇవతల ఎర్రగుడ్డ భుజాన వేసుకుని, చేతులు చాచి నడిరోడ్డు మీద నిలబడేవాడు.

"ఏంది కాకా, ఎక్కుతవా?" అని బ్రేకు తొక్కి అడిగేవాడు మా డ్రైవరు మార్కండేయులు. ఆయనది సిరిసిల్ల.

"నేనెందుకు ఎక్కుత? కోరుట్లల వానలు పడ్డయా?"

తలెత్తితే కోరుట్ల మబ్బు అక్కడి నుంచే కనబడుతుంది.

"పడలె."

"అరెరె! మీ సిరిసిల్లల?"

"నేను సిరిసిల్లకు పోక నెలయింది!"

"గట్లనా? పోయి రారాదు మరి. మీ అవ్వ ఎదురు జూస్తది."

వేములవాడ గుడికి పోయే జీపును ఆపి, రాజన్నకు తన దండం చెప్పమనేవాడు. తర్వాత పెళ్ళాం దండం, పిల్లల దండం, వియ్యంకుడి దండం, ఒక్కొక్కటీ విడివిడిగా. ఒకసారి ధర్మపురి పంతులు గారి స్కూటరు ఆపి కొడుకు పెళ్ళికి ముహూర్తం అడిగాడు.

"నీ కొడుక్కు పెండ్లయి ఇద్దరు పిల్లలు గదనయ్యా!"

"అయితె ఏంది పంతులూ, అప్పటి ముహూర్తం మంచిదో కాదో జూడు."

నాకు ఒళ్ళు మండేది. "ఆడోళ్ళు ఎండల కష్టపడుతుంటె నువ్వు ముచ్చట్లు పెడుతున్నవా?" అని ఓసారి కడిగేశాను.

"ఎవలి పని వాళ్ళది సార్" అన్నాడు తాపీగా.

ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఓ రోజు మలుపుకు ఇవతలి ఊరివాళ్ళు వంటావార్పు పెట్టారు. అంటే, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే బంతి భోజనాలు పెట్టడం. అవతల జగిత్యాల వైపు మరో ఊరివాళ్ళు అదే పనిలో ఉన్నారు. ఆగిన వరసలో మా బస్సే మొదటిది. ప్రయాణికులు దిగి, "జై తెలంగాణ" అంటూ టమాటాలు తరిగారు. నా వంతుకు ఉల్లిగడ్డలు వచ్చాయి. అన్ని బండ్లూ ముందే ఆగిపోవడంతో పాపం రాజమౌళికి ఏమీ తోచక, వడ్డించే గరిటె పట్టుకున్నాడు.

పొద్దుగూకేదాకా అన్నారు గానీ, పొయ్యిలు బాగా మండి వంట మధ్యాహ్నానికే అయిపోయింది. తిన్నాక ఇంకేం చేస్తారు? "తోవ ఇడువున్రి!" అని అరిచాడు నాయకుడు గణేశ్. అవతలి ఊళ్ళో ఇంకా పప్పు ఉడకలేదట. మా వైపు మాత్రం పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఇంజన్లన్నీ ఒక్కసారిగా గుర్రుమన్నాయి.

అంతలో రాజమౌళి అన్నం వండిన పెద్ద గంజును ఈడ్చుకొచ్చి మా బస్సు ముందు పెట్టి, దాని పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కాకా, లే! అయిపోయింది."

"అడుగున ఇంకింత ఉన్నది. ఉద్యమం బువ్వ పారబోస్తమా? తిని కదులున్రి."

"తిన్నం గద!"

"మళ్ళ తినున్రి."

వెనక లారీలు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తున్నాయి. కోపంగా దిగి దగ్గరికి వెళ్ళాను. రాజమౌళి గరిటెతో మలుపు వైపు చూపించాడు.

"సార్, ఆడోళ్ళు అవతల రోడ్డు నడిమిట్ల కూసోని పని జేస్తున్నరు. పొద్దుగూకేదాక బండ్లు రావని నేనే జెప్పిన. మసిలే తారు ముంగట ఉన్నది, సప్పున లేవ వశంగాదు."

"గా మాట జెప్పరాదా! గా ఎర్రగుడ్డ ఊపరాదా!"

"మొదట్ల ఊపిన సార్. ఎవలు ఆగలె. పోశవ్వ కొంగుకు లారీ తాకిన నాడు గుడ్డను భుజాన ఏసుకున్న. జెండకు ఆగరు గని ముచ్చటకు ఆగుతరు. ఆగిన బండి మళ్ళ లేసేటప్పుడు మెల్లగ పోతది. నాకు గంతే గావాలె."

ఇన్నాళ్ళూ ఆ వానలన్నీ ఎవరికోసం పడ్డాయో అప్పుడు తెలిసింది. మార్కండేయులుకు సంగతి అరిచి చెప్పి, మలుపు అవతలికి పరుగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే మార్కండేయులు ఇంజను ఆపి, విస్తరి పట్టుకుని రాజమౌళి ఎదురుగా కూర్చుంటున్నాడు. "వడ్డించు కాకా. ఎనుకటోళ్ళను గూడ పిలువు."

ఆడవాళ్ళు తారు డబ్బా జరుపుకుని పక్కకు వచ్చారు. పోశవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "గంత ఉరికచ్చినవు, ఇంత బువ్వన్న తేలేదా సార్?"

తర్వాత బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి, కడుపు నిండిన బర్రెల్లా మెల్లగా మలుపు దాటాయి.

మర్నాడు రాజమౌళి చెయ్యి ఎత్తకముందే మార్కండేయులు బస్సు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టాడు. "కాకా, ఈడ వానలు పడ్డయా?"

రాజమౌళి గుడ్లురిమి చూశాడు.

"డూటీ మీదున్నోన్ని ఆపి ముచ్చట పెడుతున్నవా? నీకేం పని లేదా? పో, పో!" అని, బస్సు కదులుతుంటే వెనక నుంచి కేకేశాడు. "మెల్లగ పో!"