నేను నింపిన ఖాళీ

ఆరేళ్లుగా ఒక విషయాన్ని లోపల దాచుకుని తిరుగుతున్నాను. నేను చేసిన ఒక పని వల్ల ఒకామె చెయ్యి పోయింది. ఒకాయన ఉద్యోగం పోయింది. నాకు మాత్రం ఏమీ కాలేదు. గ్రీన్‌కార్డ్ వచ్చింది, ప్రమోషన్ వచ్చింది. మొన్న మొన్నటిదాకా ఇది మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం కాస్త తేలికేమో.

నేనుండేది ప్లెయిన్స్‌బరోలో. చదివింది జియోఫిజిక్స్. ఇక్కడ ఒక చిన్న కంపెనీలో పని. భూమిలో కూరుకుపోయిన పాత బాంబుల జాడ తీయడం మా వ్యాపారం. అప్పట్లో బాల్టిక్ సముద్రం పక్కనున్న ఒక చిన్న దేశం నుంచి మాకో ప్రాజెక్ట్ వచ్చింది. సోవియట్ కాలంలో అక్కడ వైమానిక దళానికి శిక్షణ మైదానం ఉండేది. కుర్ర పైలట్లు ఎగిరొచ్చి బాంబులు వేయడం నేర్చుకున్న చోటు. పాత లారీలు, చెక్కతో చేసిన ఉత్తుత్తి విమానాలు వాళ్లకు గురి. తర్వాత సైన్యం వెళ్లిపోయింది. వేసిన బాంబులు నేలలోనే ఉండిపోయాయి. చాలావరకు సిమెంటు నింపిన ప్రాక్టీస్ బాంబులే. వాటి మధ్య అక్కడక్కడ, పేలకుండా మిగిలిన అసలువి. ఆ నేలను శుభ్రం చేసి అడవి పెంచాలని అక్కడివాళ్ల ఆశ.

అక్కడ మనుషులు ఇనుమును పసిగట్టే యంత్రాన్ని వరసలు వరసలుగా నేలమీద లాక్కుంటూ వెళ్లేవారు. ఆ ఫైళ్లు నా దగ్గరికొచ్చేవి. ఇనుమున్న చోటల్లా నా స్క్రీన్ మీద ఎర్రటి చుక్క. ఏ చుక్క దగ్గర తవ్వాలో, ఏది వదిలేయాలో చెప్పడం నా పని.

దక్షిణం అంచున ఒక స్ట్రిప్‌లో యంత్రం కొంతదూరం ఏమీ రికార్డ్ చేయలేదు. అంకెలు లేవు. ఉత్త ఖాళీ. ఖాళీ అంటే అక్కడ ఇనుము లేదని కాదు, మనకు తెలియదని. అలాంటప్పుడు మళ్లీ వెళ్లి యంత్రం తిప్పమని అడగాలి. కానీ మంచు పడే రోజులు వచ్చేశాయి. అడిగితే పని వసంతకాలం దాకా ఆగుతుంది. నా వీసా ఎక్స్‌టెన్షన్ కాగితాలు కంపెనీ లాయర్ బల్ల మీద ఉన్నాయి.

ఇన్నాళ్లూ నాకు నేను ఆ వీసా సాకే చెప్పుకున్నాను. అది పూర్తి నిజమా? కాదు. అనుకున్న తేదీకి ముందే పని ముగించే అమ్మాయినని ఆఫీసులో నాకో పేరుంది. ఆ పేరంటే నాకు ఇష్టం. అంతే. పక్క వరసల్లోని అంకెలు తీసి ఆ ఖాళీని నింపేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అక్కడ ఒక్క ఎర్ర చుక్క కూడా లేకుండా మ్యాప్ నున్నగా, అందంగా వచ్చింది.

నా పనిని రివ్యూ చేసి సంతకం పెట్టేది సుధాకర్ గారు. వరంగల్ ఆయన. మాకు రెండు బ్లాకుల అవతల ఉండేవారు. నేను చేరినప్పటి నుంచీ పని నేర్పింది ఆయనే. నా మ్యాప్‌ను అసలు ఫైల్‌తో పోల్చి చూడటం ఆయన బాధ్యత. ఆ వారం ఆయన మీద మూడు ప్రాజెక్టుల బరువుంది. అసలు ఫైల్ నువ్వు చూశావు కదా అని చాట్‌లో అడిగారు. చూశానన్నాను. ఆయన సంతకం పెట్టారు.

రెండేళ్ల తర్వాత, ఆ స్ట్రిప్‌లో మొక్కలు నాటుతున్న ఒకామె పార నేలలో దిగగానే పేలుడు జరిగింది. ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఒక కన్ను కూడా.

ఆ వార్తతో ఆఫీసుకొచ్చిన మెయిల్ చదివాక నేను మొదట చేసిన పనేమిటో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. ఆమె బతికిందా లేదా అని అడగలేదు. ఖాళీ ఉన్న అసలు ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, సర్వర్ నుంచి తీసేశాను. మైదానంలో వాడిన లాప్‌టాప్‌లలో పాత డేటా ఎప్పుడో చెరిపేశారని నాకు తెలుసు. కంపెనీ పెట్టిన విచారణలో, ఫైల్ నా దగ్గరికి నిండుగానే వచ్చిందని చెప్పాను. అసలుతో పోల్చానని సంతకం చేసింది సుధాకర్ గారు. అసలు ఫైలే దొరక్కపోయేసరికి నింద ఆ సంతకం మీద పడింది, ఆయన్ను తీసేశారు. ఆయనదీ వీసా మీద ఉద్యోగమే. వీసా ఇచ్చే అరవై రోజుల గడువులో ఇంకోటి దొరకలేదు. ఎనిమిదో క్లాసులో ఉన్న కూతుర్ని బడి మధ్యలో మాన్పించి మన దేశానికి బయల్దేరారు.

వెళ్లేముందు ఒక శనివారం పొద్దున పార్కింగ్‌లో కనిపించారు. పుస్తకాల పెట్టెలు కారులోకి ఎక్కిస్తున్నారు. తప్పించుకుపోదామనుకున్నాను. ఆయనే పిలిచారు.

"అమ్మా, ఒక్కటే అడుగుత. ఆ అసలు రా ఫైల్ నువ్వు ఓపెన్ చేసి చూసినవా?"

"చూశానండీ."

"ఎక్కడ గ్యాప్ లేదు కదా?"

"లేదండీ."

ఆయన చేతిలోని పెట్టెను కారులో సర్దారు. "సరే. అయితే నేనే ఏదో మిస్ అయిన. నువ్వు టెన్షన్ పడకు. నీ వీసాకి ఏం కాదు."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. తెలిసీ అన్నారా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. తెలిసి అని ఉంటే నాకు ఇంకా సిగ్గు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. కానీ మీకు కూడా పూర్తిగా చెప్పలేదు. నేను నింపిన ఖాళీ ఒకటి కాదు, రెండు. రెండోది అదే మైదానంలో చాలా దూరంగా, ఒక సరస్సు పక్కన. పేలుడు తర్వాత ఆ చుట్టుపక్కలే మళ్లీ సర్వే చేయించారు. సరస్సు వైపు ఎవరూ వెళ్లలేదు. వెళ్లాలని నా ఒక్కదానికే తెలుసు. నాలుగేళ్లు నోరు మూసుకున్నాను. అక్కడ ఏమీ లేకపోవచ్చు కదా అనుకునేదాన్ని. ఆమె పార దిగిన చోట కూడా నేను అలాగే అనుకున్నాను కదా?

అక్కడి స్థానిక పేపర్‌ను తర్జుమా పెట్టుకుని చదవడం నాకు అలవాటైంది. పోయిన నెల ఒక ఫోటో వేశారు. సరస్సు చుట్టూ నడకదారి తెరిచారట. రంగురంగుల రెయిన్‌కోట్లలో బడిపిల్లలు వరసగా నడుస్తున్నారు. వాళ్లున్నది నా ఖాళీకి ఎంత దూరమో చూసీచూడగానే నాకు తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నమే రెండు అసలు ఫైళ్లూ, జరిగిందంతా రాసి ఆ దేశపు అధికారులకు పంపాను. కంపెనీకీ, సుధాకర్ గారికీ అదే పంపాను. కంపెనీ నన్ను ఇంట్లో కూర్చోమంది. ఇన్నాళ్లు ఎందుకు దాచావని మా ఆయన అడిగారు. సుధాకర్ గారు ఇప్పుడు హనుమకొండలో కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. ఆయన నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇకమీదట ఉంటుందనీ అనుకోను. చెయ్యి పోయినామెకు ఇంకా రాయలేదు. ఏ ముఖం పెట్టుకుని రాయను?

ఫైళ్లు పంపిన మర్నాడు ఆ దేశపు అధికారుల్లో ఒకావిడ ఫోన్ చేసింది. నడకదారి మూసేశామంది. సరస్సు పక్కన నేను నింపిన స్ట్రిప్ నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలు చదవమంది. చదివాను. ఆమె ఒక్కో అంకెనూ తిరిగి చెప్పింది. నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. చివర్లో, ఫారంలో బాధ్యులెవరన్న గడి ఉందని, సంతకం చేసిన రివ్యూయర్ పేరే ఉంచాలా అని అడిగింది. వద్దన్నాను. నా పేరు పొడుగు. అక్కడివాళ్లకు నోరు తిరగదు. ఒక్కో అక్షరం విడదీసి, ఆమె రాసుకునేదాకా ఆగి ఆగి, మొత్తం చెప్పాను.