ఆడజింకల పర్మిట్

చచ్చిన జింక దవడ తెరిచి, పళ్ళ అరుగుదల చూసి దాని వయసు చెప్పడం నా ఉద్యోగం. డెబ్బైల చివర్లో, అమెరికాలో ఒక ఉత్తరాది రాష్ట్రపు వన్యప్రాణి శాఖలో చేరాను. మేమున్న ఊరు పేరు చెప్పినా ఎవరికీ తెలియదు. ఏడాదిలో అయిదు నెలలు మంచు, మిగతా ఏడు నెలలూ ఆ మంచు గురించి కబుర్లు. మా ఆయన అక్కడి కాగితం మిల్లు లేబొరేటరీలో కెమిస్టు. నాకు వాల్తేరులో చదివిన జువాలజీ, ఇక్కడికొచ్చాక చేసిన మరో రెండేళ్ళ చదువు ఉన్నాయి.

నవంబరులో వేట సీజన్ మొదలవగానే హైవే పక్కన చెక్ స్టేషన్ తెరిచేవాళ్ళం. కొట్టిన జింకని వేటగాళ్ళు పికప్‌లో వేసుకుని అక్కడికి తీసుకురావాలి. మేం బరువు తూచి, వయసు రాసుకుని, చెవికి ట్యాగు తగిలించి పంపించాలి. మొదటి ఏడాది నేను మా ఆయన కోటు తొడుక్కుని బల్ల దగ్గర నిలబడితే, నారింజరంగు వేట చొక్కాలవాళ్ళు నన్ను చూసి, "ఈవిడా చూసేది?" అని పక్క వరసలోకి వెళ్ళిపోయేవాళ్ళు. నా బల్ల ముందు ఎవరూ లేక, చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకుంటూ నిలబడేదాన్ని.

ఆ వరస మార్చింది మా పక్కింటాయన. మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. మంచులో కారు జారకుండా ఎలా తోలాలో నాకు నేర్పింది ఆయనే. తన జింకని తిన్నగా నా బల్ల దగ్గరికి ఈడ్చుకొచ్చి, అందరికీ వినబడేలా అన్నాడు: "ఈవిడ మా పొరుగావిడ. మీ పళ్ళు చూసి కూడా వయసు చెప్పేస్తుంది, నోరు మూసుకుని నిలబడండి." అందరూ నవ్వారు. ఆ సాయంత్రానికల్లా నా ముందు కూడా వరస కట్టారు.

ఏటా ఒక తొడ ముక్క మాకు పంపేవాడు. నేను అల్లం, వెల్లుల్లి, ధనియాలు దట్టించి వేపుడు చేసి, ఆ దంపతుల్ని భోజనానికి పిలిచేదాన్ని. మొహం ఎర్రబడి, ముక్కు కారుతున్నా ఆపకుండా తినేవాడు. "నలభై ఏళ్ళుగా నా భార్య ఈ మాంసాన్ని ఊరికే ఉడకబెట్టి పెడుతోంది" అనేవాడు. పక్కన కూర్చున్న ఆవిడ, "రేపట్నించి అదీ ఉండదు" అనేది.

మేం ఒకే ఒక విషయంలో పోట్లాడుకునేవాళ్ళం. ఆడజింకలు. అప్పటి మా డైరెక్టరు బయాలజిస్టు, గొంతు పెగలని మనిషి. అడవిలో జింకలు మితిమీరాయని, చలికాలం వాటికి మేత చాలదని, కొన్ని ఆడజింకల్ని కొట్టడానికి పర్మిట్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. వేటగాళ్ళకి ఒళ్ళు మండింది. మగ జింకనే కొట్టాలి, ఆడదాన్ని ముట్టకూడదు అన్నది వాళ్ళకి తండ్రుల దగ్గర్నుంచి వచ్చిన నియమం.

"నా చిన్నప్పుడు ఈ అడవిలో జింక అడుగు కనబడితే ఊరంతా వెళ్ళి చూసేవాళ్ళు" అన్నాడు పక్కింటాయన ఒకసారి. "అంతగా కొట్టేశారు. మా నాన్నలాంటివాళ్ళు ఆకలితో ఉండి కూడా ఆడజింక మీద తుపాకీ ఎత్తలేదు. అందుకే ఇవాళ నీకు లెక్కపెట్టడానికి జింకలున్నాయి."

ఆ మాటలో నిజముంది.

ఎనభైల మొదట్లో ఎన్నికలై, రాష్ట్రానికి కొత్త గవర్నరు వచ్చాడు; అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రిలాంటివాడు. నెల తిరక్కుండా మా డైరెక్టర్ని తీసేశారు. ఒక అట్టపెట్టె పట్టుకుని ఆయన మెట్లు దిగుతుంటే, మేం ఎవరి బల్లల దగ్గర వాళ్ళం తలొంచుకుని పనిచేస్తున్నట్టు నటించాం. నేనూ నటించాను. నాకు ఉద్యోగం ఇచ్చింది ఆయనే.

కొత్తాయన తుపాకులూ గేలాలూ అమ్మే దుకాణం యజమాని. వేటగాళ్ళ సంఘానికి నాయకుడు. ఎవరు కనబడినా వీపు తట్టి, కొడుకు పెళ్ళి సంగతీ కుక్క పేరూ గుర్తుపెట్టుకుని అడిగే రకం. ఆయనకి స్వాగతం అని వేటగాళ్ళు పెద్ద విందు చేశారు. శాఖ ఉద్యోగులందర్నీ రమ్మన్నారు. "ఇన్నాళ్ళకి మన మనిషి వచ్చాడు" అని రాసిన గుడ్డ కట్టారు. ఆయన లేచి, "ఈ ఏడాది నుంచి ఆడజింకల పర్మిట్లు లేవు" అన్నాడు. అంతే. హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు, ఈలలు, బల్లల మీద గుద్దులు. నా పక్కన ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. రెండు బల్లల అవతల మా పక్కింటాయన కూడా నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నన్ను చూసి, పందెం గెలిచినవాడిలా కనుబొమలెగరేశాడు.

మర్నాడు వంటింట్లో కాఫీ తాగుతూ, "కోపమా?" అన్నాడు.

"కోపం కాదు. మీరు నాతో ఒకచోటికి రండి" అన్నాను.

చలి ముదిరితే జింకలన్నీ సెడార్ చెట్ల చిత్తడి అడవిలోకి చేరతాయి. అక్కడ గాలి తగలదు, మంచు తక్కువ. తినడానికి ఆ సెడార్ ఆకే. ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళాను. చెట్లన్నీ కత్తెర పట్టి కత్తిరించినట్టు ఒకే ఎత్తువరకూ బోడిగా ఉన్నాయి. జింక వెనక కాళ్ళ మీద లేచి మెడ చాపితే ఎంత అందుతుందో అంతవరకూ ఒక్క ఆకు లేదు. మొలకలు కూడా లేవు.

ఆయన చాలాసేపు ఆ చెట్ల మధ్య తిరిగాడు. "నేను ఎప్పుడూ కొండ మీదే వేటాడతాను. ఇటు రాలేదు" అన్నాడు. తర్వాత, "మంచు ఎక్కువ పడితే?" అన్నాడు.

"పిల్లలు ముందు పోతాయి. వాటికి అందదు."

"మీ వాళ్ళకి చెప్పావా?"

"రిపోర్టు రాసి ఇచ్చాను" అన్నాను. అప్పటికి అది నిజమే.

వారం తర్వాత డైరెక్టరు నన్ను పిలిచాడు. నా రిపోర్టు ఆయన ముందుంది. "చాలా బాగా రాశావమ్మా. చదివితే నాకే భయమేసింది" అన్నాడు నవ్వుతూ. "కానీ మనవాళ్ళు ఇప్పుడిప్పుడే సంతోషంగా ఉన్నారు. వాళ్ళకి భయపెట్టే కాగితం ఎందుకు? మేత సరిపోతుంది అని కదా నువ్వు చెప్పదలచుకున్నది?"

"సరిపోదని రాశానండీ."

"మామూలు చలికాలమైతే సరిపోతుందిగా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "మిల్లులో లేబొరేటరీ మూసేశారట కదా. మీ ఆయనకి వేరే చోట ఏమైనా దొరికిందా?" అన్నాడు. ఎంతో ఆప్యాయంగా అడిగాడు. అందుకే నాకు ఆ గొంతు ఇప్పటికీ వినబడుతుంది. "శాఖలో మనుషుల్ని తగ్గించమని పైనుంచి ఒత్తిడి. నీలాంటివాళ్ళని నిలబెట్టుకోవాలనే నా ప్రయత్నం."

బెదిరించాడని నేను ఎవరికీ ఫిర్యాదు చెయ్యగలిగే మాట ఒక్కటి లేదు అందులో. వెళ్ళి నా సీట్లో కూర్చుని, మధ్యాహ్నం కాఫీ వేళకల్లా రిపోర్టు మార్చేశాను. పెద్ద పనేం కాదు, నాలుగు వాక్యాలు. "మేత చాలినంత ఉంది" అని టైపు చేసి కింద సంతకం పెట్టాను. మొదటి రిపోర్టు కార్బన్ కాపీని మాత్రం బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఎందుకు తెచ్చానో అప్పుడు నాకు స్పష్టంగా తెలుసనుకున్నాను.

పక్కింటాయనకి ఈ సంగతి చెప్పలేదు.

ఆ ఏడు డిసెంబరులో మొదలైన మంచు ఆగలేదు. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆయన తలుపు కొట్టాడు. "రా. నువ్వు చూడాలి."

మంచు బూట్లు కట్టుకుని సెడార్ అడవిలోకి నడిచాం. మొదటిది చెట్టు మొదట్లో ముడుచుకుని పడుకుని ఉంది, నిద్రపోతున్నట్టు. పోయిన వేసవిలో పుట్టిన పిల్ల. తర్వాత మరొకటి. తర్వాత నేను లెక్కపెట్టడం మానేశాను. లెక్కపెట్టడమే నా పని, అయినా మానేశాను. ఒకటి ఇంకా బతికే ఉంది. మమ్మల్ని చూసి లేవాలని చూసి, ముందు కాళ్ళు మంచులో జారి, అలాగే ఉండిపోయింది. ఆయన తుపాకీతో దాని బాధ తీర్చాడు. ఆ చప్పుడుకి మరే జింకా పరుగెత్తలేదు.

నేను ఒకదాని తొడ ఎముక గొడ్డలితో పగలగొట్టి చూపించాను. ఒంట్లో శక్తి ఉన్న జింకకి మూలుగ పేరుకున్న నెయ్యిలా తెల్లగా గట్టిగా ఉంటుంది. దీనిది ఎర్రగా, పలచగా, వేలికి నీళ్ళలా అంటింది. ఒంట్లో ఉన్న కొవ్వంతా అయిపోయాక, చివరికి కరిగేది అదే.

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "మేం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది దీనికన్నమాట" అన్నాడు. టోపీ మళ్ళీ పెట్టుకుంటూ, "నువ్వు చెప్పావు. వాళ్ళు వినలేదు" అన్నాడు.

"వినలేదు" అన్నాను.

ఆ ఒక్క మాట ఆయన మొహం చూస్తూ అన్నాను.

మంచు కరిగేసరికి అడవి పక్క రోడ్లన్నీ కంపు కొట్టాయి. అప్పుడు వేటగాళ్ళకి కోపం వచ్చింది. ఏప్రిల్లో హైస్కూలు జిమ్‌లో బహిరంగ సభ పెట్టారు. విందులో ఈలలు వేసినవాళ్ళే ఇప్పుడు కుర్చీలు తన్నారు. "ఎవరిది బాధ్యత?" అని అరుపులు. డైరెక్టరు మైకు ముందు నిలబడి, గొంతు తగ్గించి, "నేనూ మీలాంటివాణ్ణే. నాకూ గుండె పగిలింది. నేను సైంటిస్టుని కాదు. మా నిపుణులు ఏం రాసిచ్చారో దాన్నే నమ్మాను" అని నా రిపోర్టులో నాలుగు వాక్యాలు చదివాడు. పేరు చదవలేదు. పెద్దమనిషి తరహా. కానీ జిమ్‌లో ఉన్నవాళ్ళందరికీ జింకల లెక్కలు రాసేది ఎవరో తెలుసు. తలలన్నీ నావైపు తిరిగాయి.

అప్పుడు వెనక వరసలోంచి మా పక్కింటాయన లేచాడు. సభల్లో మాట్లాడే అలవాటు లేని మనిషి. చేతిలో టోపీ నలుపుతున్నాడు.

"అది అబద్ధం" అన్నాడు. "ఆవిడ సరిపోదని రాసింది. మంచు పడకముందే నన్ను అడవికి తీసుకెళ్ళి చూపించింది. ఆవిడ నోటితో చెప్పింది నాకు. ఆవిడనే అడగండి."

డైరెక్టరు నావైపు చూసి, మర్యాదగా, "ఈ సంతకం నీదేనా అమ్మా?" అన్నాడు.

"నాదే" అన్నాను.

"ఇందులో రాసింది నువ్వేనా?"

కార్బన్ కాపీ నా బ్యాగులోనే ఉంది. ఆ ఉదయం నేనే పెట్టుకున్నాను, ఈరోజు అవసరపడుతుందని. జిప్పు మీద చెయ్యి ఉంది. పక్కన మా ఆయన కూర్చుని ఉన్నాడు, ఎనిమిది నెలలుగా పని లేక, గడ్డం సరిగ్గా గీసుకోవడం కూడా మానేసిన మనిషి.

"నేనే" అన్నాను.

ఎవరో నవ్వారు. "కూర్చో ముసలోడా, పొరుగావిడ మీద మోజు పడ్డట్టున్నావ్" అని ఇంకెవరో అరిచారు. నవ్వు జిమ్ అంతా పాకింది. నలభై ఏళ్ళు తనతో కలిసి వేటాడినవాళ్ళు నవ్వారు. ఆయన వెంటనే కూర్చోలేదు. నావైపు చూస్తూ ఉన్నాడు, నేను ఇంకేదో చెబుతానని. తర్వాత టోపీ పెట్టుకుని, వరసలో వాళ్ళ మోకాళ్ళు తప్పించుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

కార్లో మా ఆయన, "పోనీలే, ఉద్యోగమైతే నిలిచింది" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. నాకోసమే అన్నాడు.

నెలకోసారి మూడు గంటల దూరంలో ఉన్న సిటీలో, ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంటులో మా తెలుగువాళ్ళు కొందరం ప్రార్థనకి కలుసుకునేవాళ్ళం. ఆ నెల ఒక పెద్దావిడ నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంతమంది ఉద్యోగాలు పోతుంటే నీది నిలబెట్టాడు దేవుడు. లేచి సాక్ష్యం చెప్పమ్మా" అంది. లేచాను. కృతజ్ఞతలు చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. పులిహోర, చికెన్ కూర తిని ఇంటికొచ్చాం.

ఒక ఆదివారం కార్బన్ కాపీ పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని బూట్లకి నూనె రాస్తున్నాడు. కాగితం చాపాను. తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మడిచి నాకే ఇచ్చాడు.

"ఇందులో ఉన్నది నాకు తెలుసు" అన్నాడు. "తెలియనివాళ్ళు ఆ రోజు జిమ్‌లో ఉన్నారు."

"నా పరిస్థితి మీకు..."

"తెలుసు. ముందే చెప్పి ఉంటే నేను లేచేవాణ్ణి కాదు." మళ్ళీ బూటు చేతిలోకి తీసుకున్నాడు. కోపంగా కూడా అనలేదు.

రెండేళ్ళ తర్వాత ఆడజింకల పర్మిట్లు మళ్ళీ వచ్చాయి. తెచ్చింది ఆ డైరెక్టరే. "వేటగాడు చెబితేనే వేటగాళ్ళు వింటారు" అని పేపర్లో ఆయన్ని మెచ్చుకున్నారు. వాళ్ళు నిజంగానే విన్నారు. కాసేపు గొణిగి, చప్పట్లు కొట్టి, పర్మిట్ల కోసం వరస కట్టారు. ఆ పథకానికి నన్ను ఇన్‌చార్జిని చేశాడు. జీతం పెరిగింది. మా ఆయనకి ఒక పెయింట్ల కంపెనీలో పని దొరికింది. డైరెక్టరు ప్రతి క్రిస్మస్‌కీ మా ఆయన ఆరోగ్యం కనుక్కుంటూ కార్డు పంపేవాడు. నేను తిరుగు కార్డు పంపేదాన్ని.

పక్కింటాయన వేట మానలేదు. తన జింకని నలభై మైళ్ళ దూరంలో ఉన్న వేరే చెక్ స్టేషన్‌కి తీసుకెళ్ళేవాడని అక్కడ పనిచేసే సహోద్యోగి మాటల్లో తెలిసింది. మంచు పడ్డ రోజుల్లో మా వాకిలి ముందు పారతో తవ్వడం కూడా మానలేదు. మేం లేవకముందే తవ్వి వెళ్ళిపోయేవాడు. అది నేను భరించలేకపోయేదాన్ని.

ఎనభైల చివర్లో ఆ దంపతులు ఇల్లు అమ్మి, దక్షిణాన కూతురి ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు ఆవిడ ఒక్కతే వచ్చి, గుమ్మంలోనే నన్ను దగ్గరికి తీసుకుంది.

"ఆయన కార్లోనే కూర్చున్నారు. మోకాళ్ళు బాగా నొప్పిగా ఉన్నాయి, దిగలేరు" అంది.

ఆవిడ భుజం మీదుగా చూస్తే, ఆయన కారు చుట్టూ తిరుగుతూ పైన కట్టిన సామాను తాళ్ళు బిగిస్తున్నాడు. ఆవిడా వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "జాగ్రత్త" అన్నాను నేను. "మీరు కూడా" అని ఆవిడ మెట్లు దిగింది.