రెండో ట్యూబులో వేసిన కణం

ఐదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఎవరైనా నా చేతి పనితనాన్ని మెచ్చుకుంటే, ఆ చేతిని వెనక్కి దాచుకోవాలనిపిస్తుంది. నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన మరుసటి ఏడాది, అక్కడి ఒక సంతాన సాఫల్య కేంద్రంలో, ల్యాబ్‌లో పనిచేస్తున్న రోజులవి. మహేశ్వరం నుంచి సుజాత, ఆమె భర్త వచ్చారు. ఇద్దరి రక్తంలోనూ తలసేమియా అనే, బిడ్డలకు సంక్రమించే రక్తజబ్బు లక్షణం ఉంది. మొదటి కొడుకు నెలనెలా రక్తం ఎక్కించుకుంటూనే ఆరేళ్లకు పోయాడు. అందుకే ఈసారి ల్యాబ్‌లో తయారైన పిండాలను ముందే పరీక్షించి, జబ్బు లేనివాటినే గర్భంలో పెట్టాలనుకున్నాం. దక్కినవి రెండే పిండాలు.

పిండాలు ఏర్పడిన మూడో రోజు ఒక్కోదాని నుంచి ఒక్క కణం తీసి, ట్యూబులో వేసి, మధ్యాహ్నం విమానంలో వేరే ఊరి ల్యాబ్‌కు పంపాలి. ఆ పని నేను ఒక్కదాన్నే చేయడం అదే మొదలు. మొదటి కణం చక్కగా వచ్చింది. రెండోది ట్యూబులో వేస్తుంటే పగిలిపోయింది. ఆ పిండం అసలే బలహీనం. ఇంకో కణం తీస్తే బతకదనిపించింది. కణం పోయిందని చెప్పవచ్చు కదా? చెప్పలేదు. భయమా? కాదు, గర్వం. మొదటి పిండం నుంచే ఇంకో కణం తీసి రెండో ట్యూబులో వేశాను.

రెండూ మంచివేనని ఫలితం వచ్చింది. రెండూ గర్భంలో పెట్టారు. ఒకటి నిలిచింది. ఏది? పరీక్ష జరిగినదా, జరగనిదా?

మూడో నెలలో కడుపులోకి సూది పంపి బిడ్డకు మళ్లీ పరీక్ష చేయించాలని పట్టుబట్టాను.

"మీరే చూసి పెట్టిండ్రు గద అక్కా, మళ్ల ఈ సూది ఎందుకు?" అంది సుజాత.

"అందరికీ చేయిస్తాం."

"గట్లనా. మీరు చెప్తె ఇగ నాకేం పరేషాన్ లేదు."

ఆ సూదితో గర్భం పోయే ముప్పు కొంత ఉంటుంది. నా అబద్ధం కోసం అదీ ఆమే భరించింది.

బిడ్డకు జబ్బు లేదని తేలింది. పాప పుట్టిన రోజున కేంద్రమంతా పండగే. చనిపోయిన ఆమె అన్న నాలుగేళ్లప్పుడు మెట్లెక్కలేక తండ్రి భుజం మీదే ఉండేవాడట. అదే వయసులో ఈ పిల్ల నిన్న మా కేంద్రం రెండంతస్తులూ పరుగున ఎక్కి, ఆయాసం లేకుండా నవ్వుతూ నిలబడింది. గెలిచింది. ఆ గెలుపు నిజం. నాది మాత్రం కాదు.

అక్కడే సుజాతకు అంతా చెప్పేశాను.  పాపను చంకనెత్తుకుని మెట్లు దిగిపోయింది. క్షమించమని నేనూ అడగలేదు.

ల్యాబ్‌కు వెళ్లి పాత రిజిస్టరు తీశాను. రెండో పిండం ఎదురుగా 'పరీక్ష జరగలేదు' అని రాసి, సంతకం పెట్టాను. ఆ చేతిని దాచుకోలేదు.