పెదనాన్న వ్యాన్ల మీది పేర్లు

పెదనాన్న పోయారని శనివారం పొద్దున్న పక్కింటి ఫోనుకు కబురు వచ్చింది. నిద్రలోనే పోయారట. స్కూలుకు సెలవు చెప్పి వన్ టౌన్ బస్సెక్కాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదంటే చెప్పలేను. తన మూడు వ్యాన్లకు ముగ్గురు డ్రైవర్లు నిలవాలని, అంతే ఆయన కోరుకున్నది. అదీ దక్కకుండానే వెళ్లిపోయారు.

వన్ టౌన్‌లో తిరిగినవాళ్లు ఆ వ్యాన్లను చూసే ఉంటారు. గూడ్స్ షెడ్డు నుంచి సరుకెత్తుకుని ద్వారకా నగర్ షాపులకీ, గోపాలపట్నం కొట్లకీ చేరవేసేవి. ముందు అద్దం పైన పిల్లల పేర్లు రాసి ఉండేవి. అవి మా ఇంటి పిల్లల పేర్లని చాలామంది అనుకునేవారు. కాదు, డ్రైవర్ల పిల్లలవి.

టీచరుద్యోగం రాకముందు కొన్నాళ్లు నేను ఆయన ఆఫీసులో కూర్చుని బుకింగులు చూశాను. ఆఫీసంటే ఒక గది, ఒక బల్ల, గోడకు ఏసుప్రభువు పటం. ఆదివారం చర్చి అయ్యాక ఆయన ఇంటికి రాకుండా నేరుగా గూడ్స్ షెడ్డు దగ్గరి టీ కొట్టుకు వెళ్లేవారు. ఇంట్లో పెద్దమ్మ అన్నం వండి పెట్టుకుని తిడుతూ కూర్చునేది. టీ కొట్టు దగ్గర పని లేని డ్రైవరు ఎవరైనా కనబడితే టీ ఇప్పించి, ఇంతకుముందు తోలిన బండి ఎలాంటిదని అడిగేవారు. ముందుగా బ్రేకుల సంగతి ఎత్తినవాణ్ణే ఎంచుకునేవారు.

"ఇంజను గురించి సెప్పీవోడు తొందర మనిసమ్మా. బ్రేకుల గురించి సెప్పీవోడు ఇంటికెల్లాలనుకునీ మనిసి" అనేవారు నాతో.

మాట కుదిరినా వెంటనే తాళం చేతికిచ్చేవారు కాదు. ఆ డ్రైవరు ఇంటికి వెళ్లి, మంచం మీద కూర్చుని, అతని భార్యను అడిగేవారు. "ఏటమ్మా, నీ పెనివిటిని నా బండికి పంపుతావా? సీకటడకముందే తిరిగి పంపించీ పూచీ నాది." ఆవిడ నవ్వి సరేనన్నాక ఇంట్లో పెద్దపిల్ల పేరు కనుక్కునేవారు. పెయింటరును పిలిపించి ఆ పేరు వ్యాను నుదుట రాయించేవారు. రంగు ఆరాక ఆ పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టి బీచ్ రోడ్డులో తిప్పించేవారు. కూతురి పేరున్న బండిని వదిలేసి ఏ తండ్రీ పోడని ఆయన నమ్మకం. అంత వెర్రి నమ్మకం నేను ఇంకెక్కడా చూడలేదు. చెప్పొద్దూ, కొన్నేళ్లు అది పనిచేసింది కూడా.

తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ పనులు ఊపందుకున్నాయి. కాంట్రాక్టర్లందరికీ డ్రైవర్లు కావలసి వచ్చారు. జీతం ఎక్కువ, పైగా ఏనాటికైనా పర్మినెంటు అవుతుందన్న ఆశ. మావాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తల దించుకుని, తాళం బల్ల మీద పెట్టి వెళ్లడం మొదలుపెట్టారు.

పెదనాన్న చేసిన పొరపాటు అప్పుడే మొదలైంది. వెళ్లిపోయినవాడి పిల్ల పేరు చెరపనివ్వలేదు. కొత్తగా వచ్చిన డ్రైవరు గొణిగాడు. "ఆడి పిల్ల పేరు నెత్తి మీదెట్టుకుని నానెలా తోలీది బాబూ? సెరిపించీయండి."

"పసిపిల్ల పేరు సెరిపీమంటే నాకు సేతులు రావురా. నీ పిల్ల పేరూ రాయిత్తాను, దాని కిందన" అన్నారు పెదనాన్న.

అలా పేరు కింద పేరు చేరింది. పైన చోటు చాలక అద్దం కిందికీ దిగాయి. ఒకరోజు నేను ఉండబట్టలేక అనేశాను. "పెదనాన్నా, మన దగ్గర ఎంతమంది మానేశారో ఆ పేర్లు చూస్తే ఊరందరికీ తెలిసిపోతోంది. ఇంక కొత్తవాడు ఎవడొస్తాడు?"

"ఎల్లిపోయేరని కాదమ్మా. మనకాడ ఉన్నారని రాయించేను."

నాకు ఒళ్లు మండిపోయింది. నేను భయపడినంతా అయింది. ఆయన్ను చూడగానే టీ కొట్టు దగ్గర డ్రైవర్లు గ్లాసు పట్టుకుని అటు తిరిగేవారు. రెండు వ్యాన్లు తోలేవాడు లేక మూలబడి, చివరికి అమ్ముడుపోయాయి.

మిగిలింది ఒక్క వ్యాను, దాన్ని తోలే గోపాలపట్నం డ్రైవరు. అతని కూతురు రూతు పేరు అన్నిటికంటే కింద ఉండేది. అతనూ ఒకరోజు తాళం పట్టుకుని వచ్చాడు. పెదనాన్న లేచి నిలబడ్డారు. అంతకుముందు ఎవరినీ బతిమాలలేదు, ఆవేళ బతిమాలారు.

"ఉండిపోరా. నువ్వూ ఎల్లిపోతే నాను కొట్టు కట్టీడమే."

"మీరు బాగా సూసుకున్నారు, కాదన్ను బాబూ. రేపు మీ తరవాత నాకెవులు? పర్మినెంటయితే ఉండీడానికి కోటరుంటాది, పిల్లకి సదువుంటాది."

పెదనాన్న తాళం తీసుకుని గోడ మేకుకు తగిలించారు.

అతనికి పర్మినెంటు రాలేదు. పని అయిపోగానే కాంట్రాక్టరు మాన్పించాడు. ఆ సంగతి తెలిసి పెదనాన్న, తాళం ఆ మేకుకే ఉందని కబురు పంపారు. మొహం చెల్లక అతను రాలేదు. ఎవరిదో లారీ ఎక్కి ఒరిస్సా వైపు వెళ్లిపోయాడు.

అప్పటికే పెదనాన్నకు చూపు మందగించింది, బండి తోలకూడదన్నారు డాక్టరు. అయినా రోజూ పొద్దున్న ఇంటి ముందు నిలిపిన ఆ వ్యానును తుడిచేవారు. తుడిచాక పక్క సీట్లో ఎక్కి కూర్చునేవారు. డ్రైవరు సీట్లో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. పెద్దమ్మ టీ అక్కడికే తెచ్చిచ్చేది.

అంత్యక్రియల రోజు నా కళ్లు గేటు మీదే ఉన్నాయి. డ్రైవర్లెవరూ రాలేదు. రూతు తల్లి ఒక్కతే వచ్చి ఏడ్చింది. "మా ఆయన లారీ మీద లైన్లో ఉన్నాడమ్మా, కబురు అందనేదు" అంది. నిజమే అయ్యుండొచ్చు.

శవపెట్టె తీసుకెళ్లడానికి అద్దె వ్యాను వచ్చింది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ దాని డ్రైవరు మా వ్యాను ముందు నిలబడి పేర్లు చదువుకున్నాడు. తర్వాత నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఇన్ని పేర్లేటి మేడమ్? ఈ ఓనరు కాడ డ్రైవర్లు నిలవరా ఏటి?"

పెదనాన్న చెప్పిన జవాబు నాకు గుర్తుంది.

అయినా, "నిలవలేదు" అన్నాను.

పెట్టె ఎక్కించాం. నేను ముందు సీట్లో అతని పక్కన కూర్చున్నాను. ఇంజను స్టార్టు చేసి, కదిలించేముందు పెడలు రెండుసార్లు తొక్కి చూసుకున్నాడు.

"బ్రేకులు కూసింత లేటుగా పడతన్నాయి మేడమ్. ఏటీ అనుకోకండి, నాను మెల్లగా ఎల్తాను."

వెనక్కి తిరిగి చూశాను. పెదనాన్న ఉంటే ఇతని ఇల్లెక్కడో ఈపాటికి అడిగేసేవారు. పెట్టె అవతల, వెనక అద్దంలోంచి, మా వ్యాను మలుపు దాకా కనబడింది, నుదుటి నిండా పేర్లతో.