అత్తయ్య గీకని బద్దలు

మా అత్తయ్యకు చదువు రాదు. కచేరీలో రాతకోతలన్నీ వెదురు బద్దల మీదే. అక్కర తీరిన బద్దల మీది రాతను గీకి, మళ్ళీ రాసుకోవడానికి నున్నగా చేసివ్వడం ఆమె పని. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆమె బొటనవేలు కత్తి రాపిడికి కాయ కాసి ఉంది. గీకిన పొట్టుతోనే మా పొయ్యి అంటుకునేది. ఎవరి పన్నులో, ఎవరి తగాదాలో కొర్రగంజి కింద కాలిపోయేవి.

ఆమె ఒక్కగానొక్క కొడుకు షెంగ్, నా పెనిమిటి, అదే కచేరీలో రాతగాడు. ఏట్లో పడవ తిరగబడి పోయాడు. మట్టి చెయ్యడానికి మంచిరోజు కోసం శవపెట్టెను ఇంట్లోనే ఉంచాం. అప్పుడే ఆయన తోటి రాతగాడు పాంగ్ ఎప్పటిలాగే పాత బద్దల బుట్ట తెచ్చి దించాడు.

అత్తయ్య ఒక కట్ట తాడు విప్పి, బద్ద మీద కత్తి ఆనించి ఆగిపోయింది. అక్షరాలు తెలియకపోయినా ఆ చేతిరాత ఆమెకు తెలుసు. షెంగ్ చివరి గీతను తోకలా బారుగా లాగేవాడు. "సిరా దండగరా" అని ఆమే తిట్టేది.

"ఇవి నేను గీకను."

"పోయినేటి ధాన్యం లెక్కలు పెద్దమ్మా. ఎవడిక్కావాలి?"

"ఎవడికీ వద్దంటే నాకిచ్చెయ్. వాడి తల దగ్గర పెడతా."

"కచేరీ సొత్తు. మా అయ్యగారు ఊరుకోరు."

"మీ అయ్యగారికి కావలసింది వెదురా, నా కొడుకు రాతా? వెదురైతే దొడ్డినిండా ఉంది."

"మొండికేస్తే రేపట్నించి పని రాదు మరి."

అత్తయ్య కత్తిని అతని ముందు పడేసింది. "అయితే నువ్వే గీకు నాయనా. ఇక్కడే, వాడి పెట్టె ముందర. వాడి పెళ్ళాం చూస్తుంది, నేనూ చూస్తా. వాడితో ఒకే గిన్నెలో తిన్నావుగా, చెయ్యి వణక్కుండా గీకు!"

పాంగ్ కత్తి వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు. కూర్చోలేదు.

"అమ్మాయ్, గొడ్డలి తే" అంది అత్తయ్య నాతో.

ఇద్దరం వెదురు కొట్టి చీల్చాం. పచ్చి బద్దలు చెమట పట్టేదాకా నిప్పు మీద కాచి, పైతోలు తీశాం. పాంగ్ గొణుక్కుంటూనే మంట ఎగదోశాడు. పొద్దువాలేసరికి కొత్త బద్దలతో బుట్ట నిండింది. దాన్నెత్తుకుని, పాతవాటి ఊసెత్తకుండా పోయాడు.

షెంగ్ రాసినవి షెంగ్‌తోనే మట్టిలోకి వెళ్ళాయి. ఒక్క బద్ద మాత్రం అత్తయ్య నా చేతిలో పెట్టింది.

తర్వాత కచేరీ నుంచి మళ్ళీ పాత బద్దలు వచ్చాయి. ఆమె బుట్ట దించనివ్వలేదు.

"ఎవరి బిడ్డ రాశాడో! నేను గీకనని చెప్పు. కొత్తవి కావాలంటే చేసిస్తా."

కొన్నాళ్ళు ఎవరూ రాలేదు. ఇప్పుడు అత్తయ్య చేత కొత్తవే చేయించుకుంటున్నారు. పొయ్యిలోకి పాత పొట్టు లేదు, పచ్చి తోలు అంటుకోదు. నేను ఎండాకు ఏరుకొస్తున్నాను.