ఎక్స్‌రే గది దాకా తోడొచ్చిన అత్తమ్మ

పోయిన నెల ఒక పొద్దున కల్వకుర్తిలో మా అత్తమ్మ పోయింది. జడ్చర్లలో ఉన్న నాకు కబురు అందగానే కట్టుబట్టలతో బస్సెక్కాను. అన్నీ ముగిసి ఇంటికొచ్చినా ఒక్కచోట నిలవలేకపోతున్నాను. ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడుస్తున్నాను. ఈ గుణం ఆమె దగ్గర నుంచే వచ్చింది. "కూసుంటె కాళ్లు గుంజుతయి పిల్లా" అనేది.

పెళ్లయిన మరుసటేడు నాకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమయితే జ్వరం. ఊళ్లో డాక్టరు మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పోయి ఛాతీకి ఎక్స్‌రే తీయించమన్నాడు. క్షయ అని ఆయన అనలేదు, మేమూ అడగలేదు. మా ఆయన కొలువు మీద దూరాన ఉన్నాడు. అత్తమ్మ ఊరంతా తిరిగి, అంతకుముందు ఎక్స్‌రేకు పోయొచ్చినవాళ్లను అడిగింది. ఒకాయన మెడలో తాయెత్తు అడ్డమొచ్చి ఫొటో పాడయిందట. మళ్లీ రమ్మన్నారట. ఆ మళ్లీ దాకా ఆయన బతకలేదు.

ఇక నన్ను నిలవనిచ్చిందా! నా తాయెత్తు విప్పేసింది. జడ వీపు మీద పడకుండా పైకి ముడేసింది. ఊపిరి బిగబట్టడం నేర్పడానికి బావి దగ్గర నిలబెట్టి, "బొక్కెన పైకొచ్చేదాంక గాలి ఇడువకు" అంటూ చేదేది. మధ్యలో దగ్గొస్తే, "మల్లా! ఫొటో కరాబయితది గదనే!" అని కసిరి, వెంటనే నా వీపు నిమిరేది.

తీరా గది ముందుకు పోయాక, ఫొటో తీసేటాయన పుస్తెలతాడు కూడా తీయాలన్నాడు.

"చస్తే తియ్య" అని మెడ గట్టిగా పట్టుకున్నాను. అక్కడ మా ఆయనకేమన్నా అయితే? నాకు ఏడుపాగలేదు.

అత్తమ్మ కొంగుముడి విప్పింది. అందులో పసుపు కొమ్ము కట్టిన దారముంది. పుస్తెలు తీసినప్పుడు మెడ బోసిగా ఉండకుండా కట్టుకునేది. నాకు చెప్పకుండా ఇంటి నుంచే తెచ్చింది. కానీ తను కట్టలేదు. మామ పోయిన తన చెయ్యి దానికి తగలకూడదని ఆమె నమ్మకం. వరుసలో బొట్టు పెట్టుకున్న ఒకామెను పిలిచింది.

"అమ్మా, జర నా కోడలికి గీ దారం కట్టి, పుస్తెలు తియ్యి. నేను ముట్టరాదు."

నేనింకా మెడ వదల్లేదు. అత్తమ్మకు కోపమొచ్చింది.

"వాడు నీకు మొగుడయితె నాకు కొడుకు గాదా? నాకు లేదా ఫికర్? ముందుగాల నువ్వు దక్కాలె బిడ్డా."

నా చెయ్యి వదులయింది. వరుసలోని ఆమె పసుపు దారం కట్టి, పుస్తెలు తీసింది. అత్తమ్మ వాటిని చేత్తో తాకకుండా కొంగు చాపి అందుకుంది.

ఫొటో శుభ్రంగా వచ్చింది. ఊపిరితిత్తి మీద మచ్చ కనిపించింది. నెలల తరబడి సూదులు పొడిపించుకుని బతికాను. మా ఆయనకూ ఏమీ కాలేదు. ఈ బతుకు అత్తమ్మ పెట్టిన భిక్షే.

ఆ రోజు గదిలోంచి బయటికొచ్చేసరికి అత్తమ్మ గోడవారగా నిలబడి ఉంది. ఒక చేత్తో కొంగులోని పుస్తెలను పట్టుకుని, రెండో చేత్తో తన బోసి మెడ తడుముకుంటోంది. నన్ను చూసి చటుక్కున చెయ్యి దించేసింది.