సంగటి అరుగు

తిరుపతిలో మేము కట్టుకుంటున్న సొంతింటికి వంటగది బొమ్మ గీసుకొచ్చిన డిజైనర్‌తో నేను మొదటి రోజే గొడవ పెట్టుకున్నాను. నాకు నోరెక్కువని మా ఆయన అందరికీ చెబుతుంటాడు. అబద్ధమేమీ కాదు. డిజైనర్ ల్యాప్‌టాప్‌లో చూపించిన వంటగది మాత్రం, చెప్పొద్దూ, భలే ఉంది. హాలుకీ దానికీ మధ్య గోడ లేదు. తెల్లరాయి గట్టు, బూడిద రంగు అరలు, నడుమ ఒక దిమ్మె, చుట్టూ పొడుగు కాళ్ల స్టూళ్లు.

"అంతా బాగుండాది గానీ, సంగటి యాడ కెలకాల?" అని అడిగాను.

"స్టవ్ మీదే కదా మేడం" అన్నాడు.

అతనూ సంగటి తిని పెరిగినవాడే. చేసేటప్పుడు వంటింట్లోకి తొంగిచూసిన పాపాన పోలేదు. బియ్యం, రాగిపిండి కలిపి చేసే సంగటి ఉడికేదే పొయ్యి మీద. కెలకాలంటే గిన్నె నేలకు దిగాలి. కింద కూర్చుని, గుడ్డ అడ్డం పెట్టి గిన్నెను పాదాలతో అదిమి, ఒంటి బలమంతా తెడ్డు మీద పెట్టి తిప్పాలి. నిలబడి తిప్పితే ఉండలు కడుతుంది.

ఇదంతా నా కోసం కాదు, మా అత్త కోసం. పాకాల దగ్గర పల్లెలో ఆమె చేతి సంగటికి పేరు. పెళ్లయిన కొత్తలో నాకు నేర్పింది కూడా ఆమే, నెత్తిన మొట్టికాయలు వేసి మరీ. మోకాళ్లు పట్టేశాక కింద కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. స్టూలు వేసి చూశాం. బలం పెట్టి తిప్పేసరికి స్టూలు వెనక్కి జారి పడబోయింది. ఆ రోజుతో తెడ్డు నాకిచ్చేసి, మా అద్దె ఇంటి హాల్లో టీవీ ముందు కుర్చీకి అంటుకుపోయింది. నేను చేసిన సంగటి తిని మంచీ చెడ్డా ఏమీ అనేది కాదు. తిట్టే మనిషి తిట్టడం మానేస్తే ఎంత భయంగా ఉంటుందో నాకప్పుడు తెలిసింది. ఒకరోజు "నాతో ఈడ ఏం పని ఉండాదిలేమ్మా" అంది. నాకు ఏడుపొచ్చింది. కొత్త ఇంట్లో ఆమె మళ్లీ తెడ్డు పట్టాలి, మిగతాది ఎట్లా ఉన్నా సరే అనుకున్నాను.

అందుకని వంటగదిలో ఒక మూల నేలను పల్లం చేయమన్నాను. గిన్నె పల్లంలో ఉంటుంది, ఆమె పల్లం అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటుంది, మోకాళ్లు మడిచే పనే లేదు. మా ఆయన ఇంతెత్తున లేచాడు.

"ఆగ్నేయంలో గుంతా? బుద్ధుండాదా నీకు?"

మా ఆయనకు కొండ మీది స్వామి తర్వాత వాస్తే. వంటగది ఆగ్నేయంలోనే ఉండాలి, ఆగ్నేయం పల్లం కాకూడదు. ఈ రెంటి మధ్య నా సంగటి ఇరుక్కుంది. డిజైనర్‌కూ సందు దొరికింది. "గుంత పెడితే లుక్ కూడా పోతుంది మేడం. గట్టు మీదే చేసుకోవచ్చు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆదివారం అతన్ని అద్దె ఇంటికి భోజనానికి పిలిచాను. ఉడికిన సంగటి గిన్నె గట్టు మీద పెట్టి, తెడ్డు అతని చేతికిచ్చాను.

"కెలుకప్పా, సూస్తాను."

తెడ్డుతో పాటు గిన్నె కూడా గిర్రున తిరిగింది. మా ఆయన పరుగెత్తుకొచ్చి గుడ్డతో గిన్నెను పట్టుకున్నాడు. ఇద్దరు మగవాళ్లు చెమటలు కక్కుతూ చేసిన సంగటి నిండా నిమ్మకాయలంత ఉండలు. వేరుశెనగల ఊరిబిండి వేసి అదే వడ్డించాను. ఇద్దరూ కంచాలు ఖాళీ చేశారు. మా అత్త కుర్చీలోంచి చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

చేయి కడుక్కున్నాక డిజైనర్ టేపు తీసి ఆమె దగ్గరికి వెళ్లాడు. "అవ్వా, కాళ్లు నేలకు ఆనించు" అని, గుంత ఎంత లోతుండాలో చూడ్డానికి మోకాలి ఎత్తు కొలిచాడు. అది చూస్తుంటే నాకు తట్టింది.

"గుంత తవ్వేదే వద్దప్పా. గోడకు ఆనించి అరుగు కట్టు. నేల ఉండే చోటే ఉంటాది, అత్త పైన కూచుంటాది. ఇంక యాడుండాది పల్లం?" అన్నాను.

మా ఆయన వేళ్లు మడిచి దిక్కులన్నీ లెక్కేసుకున్నాడు. "ఎత్తయితే దోషం లేదు" అన్నాడు చివరికి, ఆ ఉపాయం తనదే అయినట్టు.

గట్టుకు వేసిన తెల్లరాయే అరుగుకూ వేశారు. అరుగు కింద బియ్యానికీ పిండికీ సొరుగులు వచ్చాయి. దాని ముందున్న నేలకు గరుకు రాయి పరిచి, గిన్నె కదలకుండా చుట్టూ చిన్న అంచు కట్టారు. ఆ వంటగదిలో అన్నిటికన్నా అందమైన చోటు అదే. డిజైనరే ఒప్పుకున్నాడు.

గృహప్రవేశం మరుసటి రోజు, ఉండిపోయిన చుట్టాలకు నాటుకోడి పులుసు, సంగటి అనుకున్నాం. గిన్నె దించి అరుగు ముందు పెట్టాను. మా అత్త వచ్చి కూర్చుంది. అరుగును ఒకసారి చేత్తో తడిమి చూసింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, పాదాలతో గిన్నెను అదిమి, పొడుగు తెడ్డు అందుకుంది. మొదట మెల్లగా తిప్పింది. తర్వాత ఇంక ఆమెను పట్టేవాళ్లు లేరు. హాల్లో కూర్చున్న చుట్టాలంతా లేచొచ్చి దిమ్మె చుట్టూ నిలబడ్డారు. గోడ లేదు కదా, అందరికీ కనబడింది. "నీళ్లు తక్కువ పోసినావు, ఎన్నిసార్లు సెప్పాల నీకు" అని అందరి ముందూ నన్ను తిట్టింది. ఆ తిట్టు ఎంత కమ్మగా ఉందో చెప్పలేను.

మా ఇంట్లో తొలి ముద్ద ఎప్పుడూ మగవాళ్ల కంచంలోకే పోతుంది. మా ఆయన కంచం పట్టుకుని ముందే నిలబడ్డాడు. ఆమె చేయి తడుపుకుని, ముద్ద గుండ్రంగా చేసి, కొడుకును దాటించి నా కంచంలో వేసింది.

"నువ్వు తిను మే. నా కోసం అందరితో కొట్లాడినావు" అంది.

వేలితో విడదీసి చూశాను. ఒక్క ఉండ లేదు. అందరూ చూస్తుండగా, అందరికన్నా ముందు కూర్చుని తిన్నాను.